అసలు ముట్టని దానం: విశ్వవిద్యాలయాల శాశ్వత నిధుల కథ

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను చరిత్ర చదివినవాణ్ణి కాను, జీవితమంతా లెడ్జర్లు చదివినవాణ్ణి అని తప్పించుకోబోయాను. "అయితే లెడ్జరు చరిత్రే వ్రాయండి" అన్నారాయన. ఆ మాట పట్టుకునే ఈ నాలుగు పేజీలు నింపుతున్నాను. ముప్ఫై మూడేళ్ళ సర్వీసు నేను ఒక విశ్వవిద్యాలయం అకౌంట్సు సెక్షనులో చేశాను. అందులో పదకొండేళ్ళు నా బల్ల మీద ఉన్నది ఎండోమెంట్ల రిజిస్టరు. పైగా మన సంఘం విద్యానిధి విషయం వచ్చే సర్వసభ్య సమావేశంలో చర్చకు రాబోతున్నది. ఆ చర్చకు ముందు మిత్రులు ఈ సంగతులు తెలుసుకొని ఉంటే మంచిదని నా ఉద్దేశం.

ఎండోమెంటు అనగానే మనలో చాలామందికి దేవాదాయ ధర్మాదాయ శాఖ, గుడి మాన్యాలు, వాటి కౌలు తగాదాలు గుర్తుకు వస్తాయి. అలా గుర్తుకు రావడంలో తప్పేమీ లేదు. విశ్వవిద్యాలయాల ఎండోమెంటూ ఆ కడుపున పుట్టిన బిడ్డే. ద్రాక్షారామం భీమేశ్వరాలయంలో స్తంభాల మీద, గోడల మీద వందల కొద్దీ శాసనాలున్నాయి. వాటిలో తరచుగా కనపడే దానం అఖండదీపం. దాత గుడికి నెయ్యి పంపడు, నెయ్యికి డబ్బు కూడా పంపడు. యాభై గొర్రెలనో, కొన్ని ఆవులనో ఒక బోయకు అప్పగిస్తాడు. ఆ మందను మేపుకుంటూ అతడూ, అతని పుత్రపౌత్రులూ రోజూ ఇంత నెయ్యి అని దీపానికి పోయాలి. గొర్రెలు ముసలివవుతాయి, చస్తాయి. పుట్టిన పిల్లలతో మంద లెక్క మళ్ళీ సరిపెట్టుకోవాలి. తమిళ శాసనాల్లో ఇటువంటి మందకు చావని, ముసలితనం రాని గొర్రెలు అని ముచ్చటైన పేరే ఉంది. ఒక్కొక్క గొర్రె చచ్చినా మంద చావదు. నేను తరువాత చదివిన ఇంగ్లీషు పుస్తకాలన్నింటిలోనూ ఎండోమెంటును గురించి ఇంతకన్నా చక్కని నిర్వచనం నాకు కనపడలేదు.

విద్య కోసం ఇటువంటి ఏర్పాటు మన నేల మీద ఎంత పాతదో చెప్పడానికి మల్కాపురం శాసనం చాలు. గుంటూరు సీమలో మందడం ప్రక్కన ఉన్న మల్కాపురంలో కాకతీయుల నాటి శిలాస్తంభం అది. కాలం శక సంవత్సరం 1183, అంటే క్రీ.శ. 1261. గణపతిదేవుడు మందడం గ్రామాన్ని, రుద్రమదేవి వెలగపూడి గ్రామాన్ని తమ గురువైన విశ్వేశ్వర శివాచార్యులకు ఇచ్చారు. ఆ రాబడితో ఆయన మఠం, విద్యాలయం, అన్నసత్రం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల నడిపే ఏర్పాటు చేశాడు. వేదం చెప్పే అధ్యాపకులు ఎందరు, తర్క సాహిత్యాలు చెప్పేవారు ఎందరు, వైద్యుడు ఎవరు, లెక్కలు వ్రాసే కరణం ఎవరు, ఎవరికి ఎంత భూమి అన్నది అంతా రాతి మీద చెక్కించారు. మన భాషలో చెప్పాలంటే అది సాంక్షన్డు స్ట్రెంగ్తుతో కూడిన జీ.వో. అదే వెలగపూడిలో 2016 నుంచి ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉంది. అక్కడ పనిచేసి ఈ మధ్య రిటైరైన సభ్యులు మన సంఘంలో కూడా ఉన్నారు. తమ ఆఫీసు ఉన్న ఊరు ఏడున్నర శతాబ్దాల క్రితం ఒక కళాశాల ఖర్చులకు రాసిచ్చిన ఊరని వారికి ఎవరూ చెప్పి ఉండరు.

సరిగ్గా మూడేళ్ళ తరువాత, 1264లో, ఇంగ్లండులో వాల్టర్ డి మెర్టన్ అనే పెద్దమనిషి సర్రీ ప్రాంతంలో మాల్డెన్ మొదలైన తన గ్రామాల రాబడిని చదువుకొనే విద్యార్థుల పోషణకు రాసి, దానికి నిబంధనలు ఏర్పరచాడు. అదే ఆక్స్‌ఫర్డులోని మెర్టన్ కాలేజీ. ఆయన ఆ దేశానికి ఛాన్సలరుగా చేసినవాడు కనుక దస్తావేజు గట్టిగానే వ్రాయించాడు. రెండు దస్తావేజుల సారాంశం ఒక్కటే: ఊరి ఫలసాయం విద్యకు, ఊరు మాత్రం ఎవరూ అమ్ముకోరాదు. మెర్టన్ కాలేజీ నేటికీ నడుస్తున్నది. మల్కాపురంలో శాసనస్తంభం మిగిలింది. 1323లో ఓరుగల్లు పడిపోయాక ఆ రాతి మీది మాటను అమలు జరిపే అధికారం పోయింది. దాత ఎంత గొప్పవాడైనా, ఆ దస్తావేజును వందల ఏళ్ళపాటు చదివి గౌరవించే కోర్టు, కచేరీ ఉండాలి. లేకపోతే ఎండోమెంటు శిలాలేఖగానే మిగులుతుంది.

ఇప్పుడు మద్రాసు వెళదాం. మన రాష్ట్రాలవాళ్ళు చాలామందికి మద్రాసు ఒకప్పుడు రాజధాని. అక్కడి సెయింట్ జార్జి కోటకు 1672లో ఎలిహు యేల్ అనే యువకుడు కంపెనీ రైటరుగా వచ్చాడు. జీతం సంవత్సరానికి పది పౌనులు. మన లెక్కలో లోయర్ డివిజన్ క్లర్కు అనుకోండి. పదిహేనేళ్ళలో, 1687లో, అదే కోటకు గవర్నరయ్యాడు. కోటలోని సెయింట్ మేరీ చర్చిలో 1680లో జరిగిన మొట్టమొదటి వివాహం ఇతనిదే. పసితనంలో పోయిన కొడుకు సమాధి హైకోర్టు ప్రక్కన లా కాలేజీ ఆవరణలో మూడు శతాబ్దాలకు పైగా నిలిచింది. పది పౌనుల గుమాస్తా కోటీశ్వరుడు ఎట్లా అయ్యాడన్నది వేరే కథ. సొంత వ్యాపారం, వజ్రాలు. ఆ రోజుల్లో మద్రాసు వజ్రాల బజారుకు సరుకు వచ్చేది గోల్కొండ రాజ్యపు గనుల నుంచే, అంటే మన కృష్ణా తీరం నుంచే. 1692లో ఆరోపణల మీద కంపెనీ అతణ్ణి గవర్నరు పదవి నుంచి తొలగించింది. అతని హయాంలో కోట నుంచి బానిసలను ఓడలకెక్కించిన సంగతి కూడా రికార్డులలో ఉంది. అతని పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయమే 2024లో బానిసత్వంతో తన పూర్వ సంబంధాలను ఒప్పుకొని క్షమాపణ చెప్పింది.

ఆ విశ్వవిద్యాలయానికి అతని పేరు ఎట్లా వచ్చిందో చూడండి. 1718లో అమెరికాలోని కనెక్టికట్‌లో ఒక చిన్న కాలేజీవారు భవనం కట్టుకోవడానికి డబ్బు లేక ఇబ్బంది పడుతున్నారు. కాటన్ మాథర్ అనే మతాచార్యుడు, లండనులో స్థిరపడిన యేల్‌కు, మీరు సహాయం చేస్తే కాలేజీకి మీ పేరు నిలుస్తుందని సూచిస్తూ లేఖ వ్రాశాడు. యేల్ తొమ్మిది బేళ్ళ సరుకు, 417 పుస్తకాలు, ఇంగ్లండు రాజు మొదటి జార్జి చిత్రపటం ఒకటి పంపాడు. బేళ్ళలో మస్లిన్లు, కాలికోలు వగైరా బట్టలున్నాయి. వాటిని అమ్మితే 562 పౌనులు వచ్చాయి. ఆ సొమ్ము భవనానికి ఖర్చయింది. కాలేజీకి యేల్ పేరు పెట్టారు. ఆ శతాబ్దం చివరికి ఆ భవనం కూడా లేదు, పడగొట్టేశారు. పేరు మాత్రం మూడు వందల ఏళ్ళుగా ఉంది.

ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, యేల్ ఇచ్చింది దానమే గాని ఎండోమెంటు కాదు. ఆ మాటకొస్తే ప్రపంచంలో అతి చౌకగా శాశ్వతకీర్తి కొనుక్కున్నవారిలో అతనొకడని నేను మా ఆఫీసులో అంటూ ఉండేవాణ్ణి. ఆ కాలేజీకి అసలైన ఎండోమెంటు ఇచ్చినవారిలో ముందువాడు జార్జి బర్క్‌లీ అనే తత్త్వవేత్త. 1732లో రోడ్ ఐలండులోని తన 96 ఎకరాల పొలాన్ని కాలేజీకి రాసిచ్చి, దాని కౌలు డబ్బుతో గ్రీకు, లాటిను బాగా చదివేవారికి ఉపకారవేతనం ఇవ్వమన్నాడు. పొలం అమ్మరాదు. కౌలు మాత్రమే తినాలి. ఇది మన ద్రాక్షారామం గొర్రెల మంద వంటిదే. అయితే కాలేజీవారు 1762లో ఆ పొలాన్ని ఎంత కాలానికి కౌలుకిచ్చారనుకున్నారు? 999 సంవత్సరాలకు! అప్పట్లో అది తెలివైన పనిగా తోచి ఉంటుంది. ఏటా కౌలుదారుతో పేచీ ఉండదు. ఆ గడువు 2761లో గాని తీరదు. భూమి విలువ పెరిగినప్పుడు ఆ పెరుగుదల ఎవరి ఒడిలో పడుతుందో ఆనాటి ట్రస్టీలు ఆలోచించినట్లు లేదు. మన ఊళ్ళలో గుడి మాన్యాలు పదుల ఏళ్ళుగా ఒకే కౌలుకు అనుభవించేవారిని చూసినవాళ్ళం గనుక మనం నవ్వలేము.

ఇంకొక దెబ్బ 1825లో తగిలింది. అప్పటి ట్రస్టీలు కాలేజీ సొమ్ములో చాలాభాగం ఒక్క ఈగిల్ బ్యాంకు షేర్లలోనే పెట్టారు. తెలిసినవాళ్ళ బ్యాంకు, ఊళ్ళో పరపతి ఉన్న బ్యాంకు. ఆ సంవత్సరం సెప్టెంబరులో అది దివాలా తీసింది. అప్పులు పోను కాలేజీకి మిగిలిన నిధి 1,800 డాలర్లు! 1930ల మాంద్యం తరువాత వచ్చినవాళ్ళు ఈసారి అతి జాగ్రత్తకు పోయి, సొమ్ములో ఎక్కువభాగం బాండ్లలోనే ఉండాలని నియమం పెట్టుకున్నారు. షేర్లు పెరిగిన కాలమంతా బాండ్లు పట్టుకొని కూర్చున్నారు. ఆ నియమం సడలించేసరికి 1970ల మందగమనం, ధరల పెరుగుదల వచ్చి మీద పడ్డాయి. పోగొట్టుకోవడానికి రెండు దారులున్నాయని ఈ చరిత్ర చెబుతుంది. ఒకటి బ్యాంకు మునగడం. రెండోది ఎవరికీ చప్పుడు వినపడకుండా రూపాయి విలువ కరగడం. రెండోదానికి ఏ ఆడిటరూ అబ్జెక్షను వ్రాయడు.

1985లో డేవిడ్ స్వెన్సన్ అనే ఆర్థికవేత్త యేల్ నిధి బాధ్యత తీసుకున్నాడు. అప్పటికి నిధి ఒక బిలియన్ డాలర్లు, అంటే వంద కోట్ల డాలర్ల పైచిలుకు. 2021 మేలో ఆయన చనిపోయాడు. ఆ జూన్ నాటికి నిధి 42.3 బిలియన్లు. ఆయన ఆలోచన వినడానికి తేలిక. మనకు రేపే డబ్బు అవసరం లేదు, వందేళ్ళ తరువాత కూడా అవసరమే. కాబట్టి రేపు అమ్ముడుపోని వాటిలో, కలప తోటలలో, భూములలో, ఇంకా బజారుకు రాని కంపెనీలలో కూడా పెట్టవచ్చు. ఓపిక పట్టినందుకు ఎక్కువ ఫలితం వస్తుంది. కాని ఇదీ ప్రమాదం లేని దారి కాదు. 2008 ఆర్థిక సంక్షోభంలో యేల్ నిధి ఒక్క ఏడాదిలో 22.9 బిలియన్ల నుంచి 16.3 బిలియన్లకు పడింది. హార్వర్డుది 36.9 నుంచి 26కు దిగింది. అక్కడ సగంలో ఉన్న ఒక పెద్ద సైన్సు భవన సముదాయం పని 2009లో ఆపుకోవలసి వచ్చింది. ఇనప్పెట్టెలో సొమ్ము లేక కాదు. సొమ్మంతా వెంటనే తీయడానికి వీల్లేని చోట్ల ఇరుక్కొని ఉంది. ఆస్తులున్నా కూరగాయలకు డబ్బు లేని జమీందారు పరిస్థితి అన్నమాట.

ఇంక ఏటా ఎంత తీయాలి? ఎండోమెంటు ప్రాణమంతా ఈ ప్రశ్నలోనే ఉంది. పాతకాలంలో వడ్డీ ఎంత వస్తే అంత ఖర్చు. ఇప్పటి పెద్ద విశ్వవిద్యాలయాలు అట్లా చేయవు. యేల్ పద్ధతి చెబుతాను. పోయిన ఏడాది ఇచ్చినదానిలో 80 శాతం, నిధి బజారు విలువకు 5.25 శాతం లెక్కగట్టి దానిలో 20 శాతం, ఈ రెండూ కలిపితే ఈ ఏడాది ఖర్చు. ధరల పెరుగుదలకు చేసే సవరణ ప్రక్కన పెట్టి చూడండి. నిధి కోటి రూపాయలు, పోయిన ఏడాది ఖర్చు అయిదు లక్షలు అనుకుందాం. బజారు బాగుండి నిధి కోటీ ముప్ఫై లక్షలైతే ఈ ఏడాది ఖర్చు 5,36,500. బజారు కూలి నిధి డెబ్భై లక్షలకు పడిపోతే ఖర్చు 4,73,500. నిధి ముప్ఫై శాతం పడినా విద్యార్థి స్కాలర్‌షిప్ మీద పడే కోత అయిదారు శాతం లోపే. నిధి పొంగిన ఏడాది పండుగలు చేసుకోకుండా, కుంగిన ఏడాది ఎవరినీ వీధిలో పెట్టకుండా ఆపే ఆనకట్ట ఇది. ఆనకట్ట కింద ఆయకట్టు రైతుకు ఇది వేరే చెప్పనక్కర లేదు. ఆ విశ్వవిద్యాలయంలోనే పాఠం చెప్పిన నోబెల్ బహుమతి గ్రహీత జేమ్స్ టోబిన్ 1974లో ట్రస్టీల పని ఏమిటో వివరిస్తూ, నేటివారి కోరికల నుంచి రేపటివారి వాటాను కాపాడడమే అన్న అర్థం వచ్చేట్లు వ్రాశాడు.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. యేల్ గ్రంథాలయంలో 1648 నాటి డచ్చి బాండు ఒకటి ఉంది. లెక్ నది కరకట్ట మరమ్మతుల కోసం అక్కడి నీటి సంఘం జారీ చేసినది, మేక తోలు మీద వ్రాసినది. వడ్డీ శాశ్వతం. పురావస్తువుగా 2003లో కొన్నారు. అయితే ఆ బాండు ఇంకా బతికే ఉంది. 2015లో గ్రంథాలయం ఉద్యోగి ఒకాయన దాని తాలూకు కాగితం పట్టుకొని ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళి, పన్నెండేళ్ళ వడ్డీ 136 యూరోల 20 సెంట్లు తీసుకొచ్చాడు. ఏటా మనం లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వడానికి ట్రెజరీకి వెళ్ళినట్లు, ఆ కాగితం కూడా స్వయంగా హాజరు కావాలి. దారి ఖర్చులు ఎంతయ్యాయో నేను అడగను.

మన దేశం సంగతికి వస్తే, జంషెట్జీ టాటా 1898లో సైన్సు విద్యాలయం కోసం బొంబాయిలోని తన భవనాలు, స్థలాలు, సుమారు 30 లక్షల విలువైనవి ఇస్తానన్నాడు. ఏటా లక్షా పాతికవేల రాబడి వచ్చే ఆస్తి అది. ఆయన 1904లో పోయాడు. సంస్థ బెంగుళూరులో 1909లో ఏర్పడింది. మైసూరు మహారాజావారు 371 ఎకరాల స్థలం ఇచ్చారు. అది మనకు తెలిసిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్.

తెలుగువారికి మరింత దగ్గరి కథ జయపురం మహారాజా విక్రమదేవ వర్మగారిది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది. 1930లో వాల్తేరుకు చేరింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ వైస్‌ఛాన్సలరుగా వచ్చిన 1931 తరువాతి సంవత్సరాలలో అక్కడ సైన్సు శాఖలు ఏర్పడడానికి వెన్నెముకగా నిలిచినది మహారాజావారు ఏటా ఇస్తానన్న లక్ష రూపాయలు. సైన్సు, టెక్నాలజీ కళాశాలకు ఆయన పేరే పెట్టారు. స్వయంగా పండితుడు, ఒరియాలోనూ తెలుగులోనూ కవి. ఆ దాతృత్వానికి చేతులెత్తి నమస్కరించాలి. అయితే లెక్కల మనిషిగా ఒక్క తేడా చెప్పక తప్పదు. టాటా ఇచ్చినది ఆస్తి. మహారాజావారు ఇచ్చినది రాబడి లోనుంచి ఏటా ఒక వాటా. ఆ రాబడి జమీందారీ శిస్తు. మద్రాసులో 1948 చట్టంతోనూ, ఒరిస్సాలో 1952లో అమలైన చట్టంతోనూ జమీందారీలు రద్దయ్యాయి. అది న్యాయమే. రైతు నెత్తిన బరువు దిగింది. కాని ఎస్టేటే లేకపోయాక ఎస్టేటు రాబడి మీద ఆధారపడిన ఏ వార్షిక వాగ్దానానికైనా కింద నేల ఉండదు. దాత మనసు ఆచంద్రార్కం ఉన్నా, దాని ఆధారం అంత కాలం ఉండాలిగదా!

ఇప్పుడు నా రిజిస్టరు. మా విశ్వవిద్యాలయం పేరు వ్రాయను. అందులో 1950లో ఒక పద్దు ఉంది. చనిపోయిన బడిపంతులు భర్త పేరు మీద ఒక తల్లి వెయ్యి రూపాయలు కట్టింది. షరతు: మూడు శాతం ప్రభుత్వ కాగితాలలో పెట్టి, ఏటా వచ్చే వడ్డీతో మొదటి స్థానం వచ్చిన విద్యార్థికి బంగారు పతకం ఇవ్వాలి. వడ్డీ ముప్ఫై రూపాయలు. 1950లో పది గ్రాముల బంగారం సుమారు వంద రూపాయలు. అంటే మూడు గ్రాముల బంగారం వస్తుంది. ఆమె లెక్క సరిగ్గానే వేసింది. 1980 నాటికి పది గ్రాములు 1,300 దాటాయి. ముప్ఫై రూపాయలకు పతకం పెట్టుకునే డబ్బా కూడా రాదు. నా ముందువారి కాలంలోనే పతకం వెండికి బంగారు పూత అయింది. నా కాలంలో ఇత్తడికి పూత. ఆ తరువాత, నిధి చాలనందున సర్టిఫికెట్టు మాత్రం ఇవ్వబడును అన్న నోటు నా చేతివ్రాతలోనే ఉంది. 2025లో పది గ్రాములు లక్ష రూపాయలు దాటింది.

ఒక స్నాతకోత్సవం మర్నాడు ఒక పిల్లవాడు సెక్షనుకు వచ్చి పతకం నా బల్ల మీద పెట్టాడు. "సార్, కంసాలికి చూపించాం, బంగారం కాదన్నాడు. ఎక్కడైనా మారిపోయిందేమో చూడండి" అన్నాడు. వెనుక తండ్రి నిలబడి ఉన్నాడు, తలపాగా చేతిలో పట్టుకొని. ఎక్కడా మారిపోలేదని వాళ్ళకు రిజిస్టరు తీసి చూపించాను. అర్థమైందో లేదో గాని తండ్రి ఆ వెయ్యి రూపాయల అంకెను వేలితో తాకి, "ఆమ్మగారు చాలా పెద్ద మొత్తమే ఇచ్చారు" అన్నాడు. నిజమే. 1950లో పంతులుగారి వితంతువుకు వెయ్యి రూపాయలు చాలా పెద్ద మొత్తం. ఎవరూ తినలేదు. ఒక్క పైసా దుర్వినియోగం కాలేదు. ఆడిటులో ఏనాడూ పేరా పడలేదు. అయినా ఆ దానం మా చేతుల్లోనే చచ్చిపోయింది.

కారణం ఎవరి దుర్మార్గమూ కాదు. 1882 నాటి ట్రస్టుల చట్టం ప్రకారం ట్రస్టు సొమ్ము ప్రభుత్వ కాగితాల వంటి భద్రమైన వాటిలోనే పెట్టాలన్న భయం అందరికీ అలవాటైపోయింది. దస్తావేజేమో వచ్చిన వడ్డీ అంతా ఖర్చు పెట్టమంటుంది. అసలు అంకె భద్రంగా ఉంటే ధర్మం నిలిచినట్లేనని మేమంతా నమ్మాము. బోయ రోజూ నెయ్యి పోస్తూ, పుట్టిన గొర్రెపిల్లలను కూడా అమ్మి నెయ్యి కొని పోసేస్తే, మంద ఎన్నాళ్ళుంటుంది? మనం పెన్షనర్లం. డి.ఏ. లేని పెన్షను అంటే ఏమిటో మనకు తెలిసినట్లు మరెవరికీ తెలియదు. ఆ పతకానికి డి.ఏ. ఇచ్చే ఏర్పాటు ఎవరూ చేయలేదు.

ప్రభుత్వం గ్రాంటు ఇస్తున్నప్పుడు ఈ నిధులు దేనికని మా రోజుల్లోనే అడిగేవారున్నారు. గ్రాంటు బడ్జెటుతో వస్తుంది, బడ్జెటుతో పోతుంది. ముగ్గురే విద్యార్థులుండే శాసనపరిశోధన, ప్రాచీన భాషల వంటి శాఖలకు అధ్యాపకుణ్ణి ఉంచాలంటే ఎవరినీ బతిమాలనక్కర లేని సొమ్ము కావాలి. హార్వర్డు 2024లో తన రాబడిలో సుమారు 37 శాతం ఎండోమెంటు నుంచే తీసుకుంది. 2025 ఏప్రిల్‌లో ఆ దేశ ప్రభుత్వం తన షరతులకు ఒప్పుకోలేదని ఆ విశ్వవిద్యాలయానికి రెండు బిలియన్ డాలర్లకు పైగా పరిశోధన గ్రాంట్లు నిలిపివేసింది. సెప్టెంబరులో కోర్టు అది చెల్లదన్నది. ఆ అయిదు నెలలు కోర్టుమెట్ల మీద నిలబడగలగడానికి వెనుక ఉన్న నిధి కొంత ధైర్యం. అప్పుడు చాలామంది, యాభై బిలియన్ల పైన సొమ్ము పెట్టుకొని గ్రాంటు కోసం ఏడుపెందుకు అన్నారు. ఆ నిధి ఒక్క సంచి కాదు. పధ్నాలుగు వేలకు పైగా చిన్న పెద్ద నిధుల మూట. ఫలానా శాఖ ఆచార్యుని జీతానికని ఒకరు, ఫలానా ఊరి పిల్లలకని ఒకరు షరతు పెట్టి ఇచ్చినవి. కళ్ళజోడుకని ఇచ్చిన డబ్బుతో కరెంటు బిల్లు కట్టకూడదు.

రెండోవైపు కూడా చెప్పాలి. ఉన్నవారికే మరింత చేరడం ఈ పద్ధతిలోని దోషం. పేద కాలేజీకి ఇచ్చే దాతలు పేదవాళ్ళే. అమెరికాలో 2017 నాటి చట్టంతో ఇటువంటి ధనిక విశ్వవిద్యాలయాల పెట్టుబడి రాబడి మీద 1.4 శాతం పన్ను వేశారు. 2025లో చేసిన చట్టం దానిని నిధి పరిమాణాన్ని బట్టి 8 శాతం వరకు పెంచింది. తరతరాల పేరు చెప్పి సొమ్ము కూడబెడుతూ, ఈ తరం పిల్లలకు ఫీజులు పెంచుకుంటూ పోతే ఎవరికైనా కడుపు మండుతుంది. ఈ విమర్శలో నిజముంది.

చివరకు మన ఇంటి లెక్క. మన సంఘం విద్యానిధి 1994లో యాభై వేల రూపాయలతో మొదలైంది. అప్పట్లో పది శాతం వడ్డీ. ఏటా అయిదు వేలు. నాలుగో తరగతి ఉద్యోగుల పిల్లల్లో ఇద్దరికి చెరి రెండున్నర వేలు ఇచ్చాము. ఈనాడు ఆరున్నర శాతం చొప్పున వచ్చేది 3,250. ఒక్కరి పరీక్ష ఫీజుకూ, బస్సు పాసుకూ చాలీచాలనిది. కోశాధికారిగా తొమ్మిదేళ్ళు నేనే ఉన్నాను. రిజిస్టరులో పతకం చచ్చిపోవడం చూసినవాణ్ణి అయి ఉండీ, వచ్చిన వడ్డీ అంతా పంచేసి, చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణి నేనే. సగటున ఎనిమిది శాతం వడ్డీ వేసుకొని, ఏటా సగం అసలుకు కలిపి ఉంటే నేటికి నిధి లక్షా అరవై వేలు దాటేది. సగం పంచినా ఇప్పుడు అయిదు వేలు పైగా ఇవ్వగలిగేవాళ్ళం.

ఈ లెక్క కమిటీలో చదివినప్పుడు, రిటైర్డు హెడ్మాస్టరుగారు ఒకరు లేచి, "బాగానే ఉంది. అయితే 1994లో ఆ ఇద్దరిలో ఎవరికి లేదని చెప్పేవారు?" అని అడిగారు. నేను జవాబు చెప్పలేదు. ఆ ఇద్దరిలో ఒకమ్మాయి ఇప్పుడు జిల్లా ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. సగం ఇచ్చి ఉంటే ఆమె ఇంటర్మీడియెట్ పూర్తయ్యేదో కాదో నాకు తెలియదు. ఈ సంగతి ఎవరి ద్వారానో విని, ఆమె కిందటి నెలలో మన నిధికి పాతికవేల రూపాయల చెక్కు పంపింది. ఒక ఉత్తరం జత చేసింది. ఈ సొమ్ము అసలుకే కలపవలసిందని, కాని ఈ ఏడాది వడ్డీ మాత్రం కోయకుండా మొత్తం ఒక ఆడపిల్లకే ఇవ్వవలసిందని వ్రాసింది.

కమిటీ రెండు ప్రతిపాదనలు సిద్ధం చేసింది. ఒకటి, ఏటా వడ్డీలో నాలుగోవంతు అసలుకు కలపడం. రెండు, వడ్డీ ముట్టకుండా అంతా పంచి, అసలును సభ్యుల విరాళాలతోనే పెంచడం. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఇది నాలుగో అంశం. సభ్యులందరూ తప్పక హాజరు కావలసిందిగా కోరుతున్నాను. 1994 నుంచి ఉన్న పాత లెడ్జరు నా దగ్గరే ఉంది, తీసుకొని వస్తాను.